అరవై రెండు మిల్లీమీటర్ల బ్లేడు

ప్యాసయ్యాను! బి.ఏ. ప్యాసయ్యాను, సెకండ్ డివిజన్‌లో. నాన్న వైపు చూసినా, అమ్మ వైపు చూసినా మా వాళ్ళందరిలో మొదటి డిగ్రీ నాదే. ఇంకో వార్త కూడా ఉంది. నా బ్లేడు వచ్చింది. ఈసారి సరైన కొలతది.

రెండూ ఒకే రోజు, మూడు గంటల తేడాతో వచ్చాయి. పదకొండు గంటలకి రిజల్టు చూశాను. రోల్ నంబరు మూడుసార్లు కొట్టి, మూడుసార్లూ అదే జవాబు వచ్చాక లేచి నిలబడ్డాను. వంటింట్లోకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగి వచ్చాను. తలుపు తీసి వీధిలోకి చూశాను. ఎదురు క్వార్టరుకి తాళం. అందులో ఉండే అంకుల్ రిటైరై ఊరు వెళ్ళిపోయి ఏడాది దాటింది. పై వాటాలో ఉన్న కొత్త దంపతులు పొద్దున్నే డ్యూటీకి పోతే చీకటి పడ్డాకే వస్తారు. మా భిలాయి సెక్టర్ 7లో ఒకప్పుడు ఏ వరండాలో తుమ్మినా నాలుగు వరండాల నుంచి పలకరింపు వచ్చేది. ఇప్పుడు ఒక కుక్క తలెత్తి నన్ను చూసి మళ్ళీ పడుకుంది.

అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ఆ పొద్దున్నే విజయనగరంలో రైలెక్కింది. రాయగడ కొండల్లో సిగ్నల్ ఉండదు, అందుబాటులో లేరన్న మాటే వినిపించింది. విజయనగరంలో ఉన్న అక్కకి చేశాను. పసిగుడ్డు పక్కన పడుకున్నప్పుడు అక్క ఫోన్ మోగకుండా పెట్టేస్తుంది. ఎత్తలేదు. ఇంత పెద్ద మాట నోట్లో పెట్టుకుని ఇల్లంతా తిరిగాను. చివరికి మంచం కింద ఉన్న పెట్టె బయటికి లాగి, దాని ముందు కూర్చున్నాను. అది నాన్న పనిముట్ల పెట్టె. ఆ సాయంత్రానికి అది నాదవుతుందో, మరొకరిదవుతుందో తేలిపోవాలి. బ్లేడు కోసం నేను అంతగా కాచుకుని కూర్చున్నది అందుకే.

మా నాన్న ప్లాంటులో కర్రపని చేసేవాడు. ఈ మాట వినగానే కొత్తవాళ్ళు నవ్వుతారు, ఉక్కు ఫ్యాక్టరీలో వడ్రంగికి ఏం పని అని. ఏ లోహపు భాగం పోత పోయాలన్నా ముందు దాన్ని కర్రతో తయారుచేస్తారు. ఆ కర్ర నమూనాని ఇసుకలో అదిమి తీసేస్తే అదే ఆకారంలో గుంట మిగులుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. ఆ నమూనాలు చేసే ప్యాటర్న్ షాపులోనే నాన్న ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యాక ఇదే క్వార్టరు లీజుకి తీసుకుని మూడేళ్ళు మాతో ఉన్నాడు. పోయి రెండు చలికాలాలు అయింది. అప్పటికి నేను కాలేజీలో రెండో ఏడు. ఆయన జబ్బులో కాలేజీ ఆగిపోయింది. మిగిలిన చదువు ప్రైవేటుగా కట్టి, ఇంట్లో కూర్చుని పూర్తి చేశాను.

ఆయన పోయాక ఒకరోజు పక్క ఊరు కుమ్హారి నుంచి ఒక వడ్రంగి మేస్త్రి వచ్చాడు. అక్కడ ఆయనకి తలుపులు, మంచాలు చేసే షెడ్డు ఉంది. నాన్నకి తెలిసినవాడే. పెట్టె మూత తీసి ఒక్కొక్క ఉలినీ చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఆనించి, మళ్ళీ ఏది ఉన్నచోట దాన్ని పెట్టాడు. "ఇలాటి ఉలులు ఇప్పుడు దొరకవు వదినా. ఇస్తానంటే నాకే ఇయ్యండి" అన్నాడు. మంచివాడు. అందుకే నాకు మరీ భయం వేసింది.

నాలుగు నెలల క్రితం అక్క పురుటికి వెళ్తూ, బట్టలు సర్దుకుంటూ అమ్మ ఆ మాట తీసింది.

"ఆ పెట్టి మేస్త్రీకి ఇచ్చీద్దామే."

"వద్దమ్మా."

"వద్దంటే? నువ్వేటి సేస్తావు దాంతోటి? దీపం పెడతావా? ఇనుము కదా, సెయ్యి పడకపోతే తుప్పట్టిపోద్ది. మీ నాన్నుంటే ఊరుకుందునేటి?"

"నేను వాడతాను."

అమ్మ చీర మడత ఆపి నా వైపు చూసి నవ్వింది. "పెన్సిలు సెక్కుకుంటేనే ఏలు కోసుకుంటావు. నువ్వు రందా పట్టి సెక్క గీస్తావా?" అంటూనే కాసేపు ఆలోచించింది. "సరే. నేనొచ్చీసరికి దాంతో ఒక్కటంటే ఒక్కటి సేసి సూపించు. పెట్టి నీదే. నేదంటే మేస్త్రీకిచ్చీడమే. మల్లీ నాతో వాదించకు."

ఏం చెయ్యాలో నాకు వెతుక్కోనక్కర్లేకపోయింది. బీరువా వెనక ఒక చెక్క ఉంది, దానితో పాటు రెండు అడ్డకాళ్ళు. అమ్మకి పీట కోసం నాన్న కోసి పెట్టినవి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఉన్న పీట మరీ కిందకి ఉంటుంది. "ప్లాంటుకంతటికీ సేసాడు గానీ నాకో పీట సెయ్యడానికి సెయ్యాడనేదు" అని అమ్మ వచ్చినవాళ్ళందరి ముందూ దెప్పేది. ఆ దెప్పుళ్ళకే రిటైరయ్యాక చెక్క కోశాడు. కోసి, పెన్సిల్ గీతలు గీసి, అక్కడితో ఆగిపోయాడు. ఇక చిత్రిక పట్టి నున్నగా చెయ్యాలి, కాళ్ళు బిగించాలి. అంతే మిగిలింది.

చిత్రిక పట్టే పనిముట్టుని ఇక్కడ రందా అంటారు. పెట్టెలో ఉన్నది కర్ర రందా. నాన్న చెయ్యి పట్టుకున్న చోట నల్లగా నిగనిగలాడుతుంది. దాని బ్లేడు మాత్రం సాన పట్టి పట్టి అరిగిపోయింది. ఇంక సాన పట్టడానికి ఉక్కే మిగల్లేదు. అది పట్టుకుని రిసాలిలో ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. అతను రందాని తిప్పి చూసి, పక్కవాడికి కూడా చూపించాడు.

"దీదీ, ఇప్పుడంతా మెషీన్ రందా. ప్లగ్గు పెట్టు, తొయ్యి, అయిపోయింది."

"నా దగ్గర ఉన్నది ఇదే భయ్యా."

"అయితే దీన్ని అద్దాల బీరువాలో పెట్టుకోండి. బావుంటుంది."

రందాని చున్నీలో చుట్టుకుని ఇంటికి వచ్చేశాను.

పెట్టె మూత లోపలి వైపు నాన్న అంటించిన ఒక ధరల పట్టిక ఉంది. పంజాబులో చేతి పనిముట్లు తయారుచేసి పోస్టులో పంపే ఒక చిన్న దుకాణానిది. అది చూడగానే ఆ ఉత్తరాలన్నీ గుర్తొచ్చాయి. నాన్నకి హిందీ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. నాలుగో తరగతి నుంచి ఆర్డరు ఉత్తరాలు రాసింది నేనే. నాన్న తెలుగులో చెప్పేవాడు, నేను హిందీలోకి మార్చి నీలి సిరాతో రాసేదాన్ని. స్కూల్లో మాకు నేర్పిన ఉత్తరం ఒక్కటే, ప్రిన్సిపాల్‌గారికి సెలవు చీటీ. కాబట్టి పనిముట్ల ఆర్డరు కూడా "సవినయంగా మనవి చేయునది ఏమనగా" అని మొదలై, "మీ ఆజ్ఞాకారిణి అయిన శిష్యురాలు" అని ముగిసేది. మధ్యలో, ముప్పావు ఇంచీ ఉలి ఒకటి, రెండున్నర ఇంచీల రందా బ్లేడు ఒకటి.

"ఆకర్నేటి రాసావు?" అని అడిగాడు నాన్న మొదటిసారి.

"మర్యాద నాన్నా. అలాగే రాయాలి."

"రాయి రాయి. మర్యాదుంటే బ్లేడు బేగొస్తాది."

ఉత్తరం వేసిన రెండో వారం నుంచి కాపలా మొదలయ్యేది. ఫస్ట్ షిఫ్ట్ అయితే నాన్న రెండున్నరకి ఇంటికి వచ్చి, అన్నం తిని, వరండా మెట్టు మీద కూర్చునేవాడు. నేను స్కూలు సంచి దింపి పక్కన కూర్చునేదాన్ని. పోస్టుమాన్ సైకిలు వీధి మలుపు తిరిగి మా ముందు నుంచి వెళ్ళిపోయేది. నాన్న ఒక చుట్ట తీసి వెలిగించుకునేవాడు. పార్సిలు వచ్చిన రోజున మాత్రం వెంటనే విప్పేవాడు కాదు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి విప్పేవాడు. గ్రీజు వాసన ఇల్లంతా పట్టేది. ఉలుల చుట్టూ ఉన్న కాగితాలు నావి. మా ఇంటికి న్యూస్‌పేపరు వచ్చేది కాదు. ఎక్కడో పంజాబులో రెండు నెలల క్రితం పడిన వాన గురించి, దొరికిన దొంగ గురించి ఆ నూనె మరకల కాగితాల్లో చదువుకునేదాన్ని. నా హిందీ అలా వచ్చింది. ఈ రోజు ఆ హిందీలోనే రాసిన బి.ఏ. ప్యాసయ్యాక ముందుగా గుర్తొచ్చింది కూడా ఆ కాగితాలే.

పట్టిక మీద ఉన్న ల్యాండ్‌లైన్ పోయింది. కింద నాన్న వంకర అంకెల్లో ఒక మొబైల్ నంబరు ఉంది. దానికి చేస్తే ఒక ముసలి గొంతు పలికింది. కర్ర రందా బ్లేడు దొరుకుతుందా అని హిందీలో అడిగాను.

"దొరక్కేం బేటీ. కొలత చెప్పు, అంతకే కోసి సాన పట్టి పంపిస్తాం. ఇంచీల్లో చెప్తావా, మిల్లీమీటర్లలోనా?"

"మిల్లీమీటర్లలోనే అంకుల్‌జీ" అన్నాను. ఇంచీలంటే నాకు పాతకాలం వ్యవహారంలా అనిపించింది. చదువుకున్నదాన్ని కదా.

పెట్టెలో నూనెగుడ్డలో చుట్టి నాన్న ఉక్కు స్కేలు ఉంటుంది. ఐదో తరగతిలో ఒకసారి దాన్ని స్కూలుకి పట్టుకెళ్తే నాన్న నా చేతి మీద ఒక్కటి వేశాడు. నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "ఇది నీ లెక్కలకి కాదే గుంటా. ఇది పోత పనికి. ఇంట్లో దీన్ని ముట్టుకోకు" అన్నాడు. ఖరీదైనది కాబట్టి అలా అన్నాడనుకున్నాను. ఇప్పుడు అరిగిన బ్లేడు వెడల్పుని ఆ స్కేలుతోనే కొలిచాను. అరవై రెండు, ఆపైన కొంచెం. అరవై రెండు మిల్లీమీటర్లు అని మెసేజ్ పెట్టాను.

ఆ తర్వాత ఎదురుచూడటం. నాన్నతో కూర్చుని ఎదురుచూసినప్పుడు అది ఇంత పెద్ద పనని నాకు తెలియలేదు. ఇప్పుడు సైకిలు బెల్లుకి బదులు ఫోన్లో ఒక గీత, దాని మీద చుక్కలు. పార్సిలు బయలుదేరింది. ఢిల్లీ చేరింది. నాగ్‌పూర్ చేరింది. నాగ్‌పూర్‌లో మూడు రోజులు ఉండిపోయింది. అన్నం తింటూ కంచం పక్కన ఫోన్ పెట్టుకుని ఆ చుక్కనే చూసేదాన్ని. పుస్తకం చదువుతూ మధ్యలో చూసేదాన్ని. ఒక్కోరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు. కూరగాయల బండి వస్తే, అక్కర్లేకపోయినా వెళ్ళి టమాటాల ధర అడిగేదాన్ని, నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి. అమ్మ ఫోన్లో పసిపిల్ల ఏడుపు, అక్క కేకలు, పక్కింటివాళ్ళ మాటలు అన్నీ కలిసి వినపడేవి. నా వైపు నుంచి అమ్మకి ఫ్యాను చప్పుడు వినపడి ఉంటుంది.

"తిన్నావేటి?"

"తిన్నాను."

"పెట్టి సంగతేటి? ఏటైనా సేసావా?"

"చేస్తున్నానమ్మా."

"ఏటి సేస్తన్నావు?"

"పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నాను."

"అదేటి పనే!"

తొమ్మిదో రోజున బైకు ఆగింది. దిగినవాడికి యాభై ఏళ్ళు ఉంటాయి. "పార్సిల్ హై దీదీ" అన్నాడు. అప్పుడే అమ్మ ఫోన్ వచ్చి నేను తెలుగులో మాట్లాడటం విని, అతని ముఖం మారిపోయింది.

"తెలుగోలా? ఏవూరమ్మా మీది?"

"నేను ఇక్కడే పుట్టానండి. నాన్నది శ్రీకాకుళం వైపు."

"మాది పలాస. ఏటమ్మా ఇది, సిన్న డబ్బా ఇంత బరువు?"

"ఇనుమండి. రందా బ్లేడు."

"ఓలమ్మ! బిలాయిలో కూకుని పంజాబు నుంచి ఇనుము తెప్పించుకుంటన్నావా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వారం నాతో ఎదురుగా నిలబడి తెలుగు మాట్లాడిన మనిషి అతనొక్కడే.

కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి విప్పాను. గ్రీజు వాసన అదే. కానీ బ్లేడు రందాలో నిలవలేదు. పక్కలకి జరిగిపోతోంది. దాన్ని పట్టి ఉంచే కర్ర చీల ఎంత గట్టిగా బిగించినా, రెండు తోపులు తొయ్యగానే వంకర తిరిగి చెక్క మీద మెట్టు కొడుతోంది. స్కేలు పెట్టి కొలిచాను. అరవై ఒకటి కూడా లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"అంకుల్‌జీ, నేను అరవై రెండు చెప్పాను. మీరు ఒక మిల్లీమీటరు పైనే తగ్గించి పంపారు."

"కొలిచే పంపాం బేటీ."

"నేనూ కొలిచే చెప్తున్నాను. నేను బి.ఏ. ఫైనలియర్!"

ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ సిగ్గేస్తుంది. బ్లేడుకీ బి.ఏ.కీ ఏం సంబంధం? ఆయన మాత్రం, "సరే బేటీ, ఇంకోటి పంపిస్తాను" అన్నాడు.

రెండోది ఇంకా ఆలస్యమైంది. చివరికి ఇంటి దాకా వచ్చిన రోజున నేను పరీక్ష రాయడానికి వెళ్ళాను. తలుపుకి తాళం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. ఫోన్లో "ఇంట్లో ఎవరూ లేరు" అని పడింది. నిజమే. నేనొక్కదాన్ని బయటికి వెళ్తే ఈ ఇంట్లో ఎవరూ లేనట్టే. పరీక్ష హాలు బయట నిలబడి ఆ మూడు మాటల్నీ చాలాసేపు చూశాను. మర్నాడు కాక ఆ మర్నాడు మళ్ళీ తెచ్చాడు పలాస అన్న. విప్పి కొలిచాను. మళ్ళీ అరవై ఒకటి కూడా లేదు.

మిగిలిన పరీక్షలన్నీ రాసి మళ్ళీ పెట్టె తీసేసరికి అమ్మ టిక్కెట్టు కొనేసింది. కుమ్హారి మేస్త్రి కూడా ఫోన్ చేసి, వదిన ఎప్పుడు వస్తుందని మర్యాదగా కనుక్కున్నాడు. నేల మీద రెండు కొత్త బ్లేడ్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఎవరినైనా పిలిచి ఇది చూడండి అని చూపించాలనిపించింది. ఎవరిని? మళ్ళీ ఆయనకే చేశాను. ఈసారి గొంతు లేవలేదు, అమ్మ వచ్చేలోగా పీట పూర్తి చెయ్యాలన్న సంగతీ చెప్పాను.

ఆయనకి కోపం రాలేదు. "బ్లేడుని నీ స్కేలు మీద పెట్టి ఫొటో తియ్యి. స్కేలు మొత్తం కనపడాలి" అన్నాడు. పంపాను. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. అవతల నవ్వు, నవ్వులోంచి దగ్గు.

"బేటీ, మీ ఇంట్లో పోత నమూనాలు చేసేవాళ్ళు ఎవరు?"

"మా నాన్న."

"అనుకున్నాను. ఈ స్కేలు ఆ పనికే. దీని మీద సెంటీమీటరు అసలు సెంటీమీటరు కంటే పెద్దది."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. కరిగిన లోహం చల్లారుతుంటే కుంచించుకుపోతుంది. అందుకే నమూనాని కావలసిన కొలత కంటే కాస్త పెద్దగా చేస్తారు. ప్రతిసారీ లెక్క కట్టుకునే పని లేకుండా, స్కేలునే ఆ మేరకు సాగదీసి గీస్తారు. దాంతో కొలిస్తే మామూలు వస్తువు ఏదైనా ఉన్నదానికంటే తక్కువే చూపిస్తుంది. "మూల మీద చిన్న అక్షరాలుంటాయి, తుడిచి చూడు" అన్నాడు.

కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. పాత జిడ్డు కింద నుంచి సన్నటి అక్షరాలు బయటపడ్డాయి, రెండు శాతం అని. నా జామెట్రీ బాక్సు స్కేలు తెచ్చి పక్కన పెట్టాను. పదిహేను సెంటీమీటర్లు పోయేసరికి నాన్న గీత మూడు మిల్లీమీటర్లు ముందుకి వెళ్ళిపోయింది. ఇంతకాలం ఆయనతో పోట్లాడింది నేనే, తప్పు కొలిచిందీ నేనే. ఐదో తరగతిలో చేతి మీద పడిన దెబ్బకి అర్థం ఇప్పుడు తెలిసింది. చెప్తే వినే వయసు కాదని నాన్న అప్పుడు విడమరిచి చెప్పలేదు. చెప్పే రోజు వచ్చేసరికి నేను అడగలేదు.

"మీది భిలాయి కదూ?" అన్నాడు ఆయన ఫోన్లో. "భిలాయి నుంచి నీలి సిరాతో ఉత్తరాలు వచ్చేవి. పిల్ల చేతిరాత. చివర 'మీ ఆజ్ఞాకారిణి అయిన శిష్యురాలు' అని..."

"నేనే అంకుల్‌జీ."

"అరే! మా దుకాణానికి ఉన్న శిష్యురాలు నువ్వొక్కతివే. మా ఆవిడ ఆ ఉత్తరాలు చదివి చదివి నవ్వేది. ఒకటి గోడకి కూడా అంటించింది. మీ నాన్నగారు బాగున్నారా?"

చెప్పాను. అవతల మిషను చప్పుడు ఒకటి ఆగింది, ఎవరినో ఆపమన్నట్టున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఆయన ఎప్పుడూ ఇంచీల్లోనే రాయించేవారు. రెండున్నర ఇంచీలు. నాకు గుర్తుంది. అదే పంపుతున్నాను. అమ్మ వచ్చేది ఎప్పుడన్నావు?"

తేదీ చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్ళీ మామూలుగా అయిపోయింది. ఆ చుక్క మళ్ళీ ఢిల్లీ, మళ్ళీ నాగ్‌పూర్. నాగ్‌పూర్‌లో ఉండిపోతుందేమోనని రోజుకి ఇరవైసార్లు చూశాను.

ఈ రోజు రిజల్టు వచ్చాక మూడు గంటలు ఆ పెట్టె పక్కనే గడిపాను. రెండు దాటాక బైకు ఆగింది. తలుపు అప్పటికే తీసి ఉంది.

"ఇదిగోనమ్మా, మల్లీ ఇనుమే..."

"నేను బి.ఏ. ప్యాసయ్యానండీ!"

అతను పార్సిలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నిజమేటి? ఇప్పుడే?"

"పొద్దున్న. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఎత్తలేదు."

"అంటే నాకేనేటి ముందు?" హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మా ఇంట్లో పదో తరగతి దాటినోల్లే నేరు. ఓలమ్మ! ఉండు ఉండు." తన ఫోన్ నా ముందు పెట్టాడు, సంతకం కోసం. "ఏలుతో రాయి. పేరు పక్కన బి.ఏ. అని కూడా రాయి. రికార్డులో ఉండిపోవాల."

రాశాను. ఫోన్ అద్దం మీద వేలు జారి 'బి' వంకరపోయింది, 'ఏ' సంతకం గడిలో పట్టలేదు. నా డిగ్రీ మొదటిసారి రాసుకున్నది అక్కడ. అతను దాన్ని ఒకసారి దూరంగా పెట్టి చూసుకుని, "బాగుంది" అని, ఇంకా పంచాల్సిన డబ్బాలు ఉన్నాయంటూ వెళ్ళిపోయాడు. బైకు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా విన్నాను.

కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను. రెండున్నర ఇంచీల బ్లేడు రందాలోకి దిగి, అటూ ఇటూ కదలకుండా కూర్చుంది. చీల దిగగొట్టాను. చెక్కని గోడకి ఆనించి మొదటి తోపు తోశాను. నారకి ఎదురెక్కి చెక్క చిట్లింది. చెక్కని తిప్పి రెండో వైపు నుంచి తోశాను. ఈసారి సర్‌మని ఒక పొర లేచి, ఉంగరంలా చుట్టుకుని కింద పడింది. నాన్న పని చేస్తుంటే వరండాలోంచి వినపడే చప్పుడు అదే. ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అమ్మ గొంతు వింటే పీట సంగతి కూడా కక్కేస్తానని భయం.

పీట పొడవు చూద్దామని నా స్కూలు స్కేలుతో కొలిచాను. నలభై ఐదు సెంటీమీటర్లు, పైన తొమ్మిది మిల్లీమీటర్లు. ఏమిటీ కొలత అనుకుని నాన్న స్కేలు పెట్టాను. సరిగ్గా నలభై ఐదు. ఇంట్లో ముట్టుకోవద్దన్న మనిషి, అమ్మ పీటని దాంతోనే కొలిచాడు! అలవాటులో కొలిచేసి ఉంటాడు. అమ్మకి తొమ్మిది మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. నవ్వు ఆగాక గదిలో మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

ఆయన పెన్సిల్ గీతలు ఒక్కొక్కటే పొరలతో పాటు లేచిపోయాయి. అడుగు వైపు గీసిన ఒక గీతని మాత్రం ముట్టుకోలేదు. ఐదు గంటలకి కాళ్ళు బిగించాను. ఒక మూల ఎగుడుగా ఉంది, ఒక ముడి దగ్గర చెక్క లేచింది. నేల మీద పెట్టి కూర్చుంటే టిక్‌మని ఒక పక్కకి ఒరుగుతుంది. కానీ పీటే. మా అమ్మ కూర్చునేంత పీట.

దాని మీదే కూర్చుని పార్సిలు అట్ట మీద రాసుకుంటున్నాను. ఏడింటికి అమ్మ దిగే దుర్గ్ స్టేషన్‌కి వెళ్ళాలి. ఆలోగా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు ఇంకా ఇంతమంది ఉన్నారు:

అమ్మ. రాయ్‌పూర్ దగ్గరికి వచ్చి ఉంటుంది. డిగ్రీ మాట ఒక్కటే చెప్పాలి. పీటని ఇంటికి వచ్చాక తనే చూడాలి.

అక్క. పసిగుడ్డు లేచి ఉంటుంది ఈపాటికి.

ఊళ్ళో పెదనాన్న. చెవులు వినపడవు, అరవాలి. బి.ఏ. అంటే ఏ డిపార్ట్‌మెంటు అని అడుగుతాడు.

ప్యాటర్న్ షాపులో నాన్నతో పనిచేసిన మామయ్య. స్కేలు సంగతి చెప్తే నవ్వి చస్తాడు.

రిసాలి హార్డ్‌వేర్ భయ్యా. అద్దాల బీరువా అక్కర్లేదని.

పంజాబు అంకుల్‌జీ. శిష్యురాలు ప్యాసయిందని, బ్లేడు సరిపోయిందని.

కుమ్హారి మేస్త్రి. పెట్టె ఇవ్వడం లేదని. ఏమీ అనుకోవద్దని. ఆదివారాలు వస్తే, సాన పట్టడం నేర్పుతారా అని.